ఏడో దారం

దుప్పటి పిండడానికి ఇద్దరు కావాలి. ఒకళ్ళు ఒక కొస పట్టుకుంటే రెండోవాళ్ళు రెండో కొస పట్టుకుని ఎదురు దిక్కుకి మెలిపెట్టాలి. మా ఇంట్లో ఆ రెండో మనిషి పని ఒక కొక్కెం చేస్తుంది. పెరట్లో కుళాయికి ఎడమపక్క గోడలో, భుజం ఎత్తున, బొటనవేలంత లావు ఇనప కొక్కెం దిగేసి ఉంది. తడి దుప్పటిని దానికి తగిలించి, రెండు కొసలూ కలిపి పట్టుకుని తిప్పుకుంటూ పోతే నీళ్ళు ధారగా కారిపోతాయి. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం నాకు అదే పని. కానీ ఈమధ్య, తిప్పుతున్నప్పుడు అవతలి కొస కొక్కేనికి ఉన్నట్టు అనిపించడం లేదు. ఎవరో పట్టుకున్నట్టు ఉంటోంది. నేను ఒక చుట్టు తిప్పితే అటునుంచి ఇంకో సగం చుట్టు నెమ్మదిగా, అలవాటైన చేత్తో, ఎదురు తిరుగుతున్నట్టు. రెండుమూడుసార్లు ఆపి చూశాను. కొక్కెం, గోడ, కారుతున్న నీళ్ళు. అంతే.

ఆ ఆదివారం పొద్దున నా కుడిచేతి ఉంగరం తేలిగ్గానే తిరిగింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా నాన్న చేయించిన ఉంగరం అది. రెండు దుప్పట్లు పిండేసరికి వేలిలోకి దిగబడిపోయింది. సబ్బు నురగ రాసి, తిప్పి తిప్పి ఊడదీసి గోడమీద పెట్టాను. వేలిచుట్టూ పల్లంగా గీత మిగిలింది. గుమ్మంలో పేపరు పట్టుకుని నిలబడ్డ మా ఆయన అదంతా చూశాడు. చూసి, "ఇంటిపనిని మించిన ఎక్సర్‌సైజు ఏముంది చెప్పు. అనవసరంగా ఆ క్లాసులకెళ్ళి చెయ్యి పాడుచేసుకున్నావు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆయన ఏదన్నా ప్రేమగానే అంటాడు. అందుకే బదులు చెప్పడం కష్టం.

పద్నాలుగు నెలల కింద నా కుడి రొమ్ములో గడ్డ తీశారు. దాంతోపాటు చంకలో ఉన్న గ్రంథులు కూడా తీశారు. ఎనిమిదో నెలలో చెయ్యి వాచడం మొదలైంది. లింఫెడిమా అని రాశారు డాక్టరు. చేతిలో ఊరే ద్రవం వెనక్కి పోయే దారులు ఆ గ్రంథులతోపాటే పోయాయట, కాలవ పూడిపోయిన వీధిలో నీళ్ళు నిలిచినట్టు చేతిలో నిలుస్తుందట. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి అన్నారు. విన్నప్పుడు అర్థమైందనే అనుకున్నాను. అనుభవంలోకి వచ్చాక తెలిసింది, దానికి వేళలున్నాయని. పొద్దున నాతోపాటే లేస్తుంది, తేలిగ్గా, బుద్ధిగా. మధ్యాహ్నం దాటాక నాకంటే ఒక నిమిషం వెనక నడుస్తుంది. సాయంత్రానికి అది నా పక్కన కూర్చున్న ఇంకో మనిషి. ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే, ఎవరో దీన్ని దాచమని నాకిచ్చి వెళ్ళి మళ్ళీ రాలేదేమో అనిపించేది.

వాషింగ్ మెషీన్ మా ఇంట్లో లేక కాదు. దుప్పట్లు దాంట్లో వేస్తే మామగారికి నచ్చదు. "మెషీన్ ఉతుకు ఉతుకు కాదమ్మాయ్. మీ అత్తగారు ఉతికితే దుప్పటి పరుస్తుంటే కళ్ళు చెదిరేవి," అంటారు. ఆవిడ పోయి పదిహేడేళ్ళు. నేను ఈ ఇంటికి వచ్చేసరికే ఆరేళ్ళయింది. ఆవిడ గురించి నాకు తెలిసిందంతా వీళ్ళు చెప్పిందే: ఒక్కరోజు మంచం ఎక్కలేదు, ఒక్కసారి నొప్పి అనలేదు, చివరికి ఒక్కరోజు జ్వరంతో ఎవరికీ తన చాకిరీ చేసే పని పెట్టకుండా దాటిపోయింది. ఆ చివరి ముక్క మామగారు మెచ్చుకోలుగా అంటారు. ఒకసారి నాకు జ్వరం మూడోరోజుకి దిగకపోతే కూడా అదే అన్నారు.

ఆపరేషనయ్యాక ఎడమచేత్తో పనులు చేసుకోవడం మొదలుపెట్టాను. ఇబ్బంది పడతాననుకున్నాను. పడలేదు. అదే నాకు మొదట భయం వేసిన సంగతి. గరిటెల మేకులు పొయ్యికి ఎడమవైపున ఉన్నాయి. బియ్యం డబ్బా ఎడమ అరలో, ఎత్తకుండా వంచితే చాలు అన్నట్టు చిన్న చెక్కముక్క మీద ఒరిగి ఉంది. పెరటి తలుపు ఇంట్లో మిగతా తలుపుల్లా కాదు. బందులు మార్చి బిగించారు, ఎడమచేత్తో తీయడానికి వీలుగా. పాత బందుల గుర్తులు రంగు కింద ఇంకా తెలుస్తాయి. పదేళ్ళు కుడిచేత్తో అవస్థపడుతూ ఇదేం ఇల్లురా బాబూ అని విసుక్కున్నదాన్ని, ఇప్పుడు చెయ్యి చాపితే చాలు, ప్రతి వస్తువూ దానంతటది వేళ్ళకి తగిలేది. వెతకనక్కర్లేదు. ఈ ఇల్లు నా ఎడమచేతి కోసం ఎన్నేళ్ళుగానో కనిపెట్టుకుని ఉన్నట్టుగా ఉండేది.

మా ఆయన్ని అడిగితే నవ్వాడు. అమ్మది ఎడమచేతివాటం అన్నాడు. తను ఎనిమిదో తరగతిలో ఉండగా వడ్రంగిని పిలిపించి తలుపు మార్పించిందట, నాన్న కేకలేస్తే కూడా వినలేదట. మా వదిన, అంటే ఆయన అక్క, ఈ మాట ఎత్తితే చాలు మొదలుపెడుతుంది. అమ్మ ఎడమచేత్తో జడ వేస్తే ఆ జడ బడికెళ్ళేలోపు ఎటో తిరిగిపోయేదట, పిల్లలు ఏడిపించేవాళ్ళట. "చిన్నప్పుడు బాగానే వేసేదే, ఏం పట్టిందో ఏమో ఎడమచేతి మీదికి దిగింది," అంది ఒకసారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హాల్లో ఆవిడ ఫొటో ఉంది. మామగారు కుర్చీలో కూర్చుంటే పక్కన నిలబడింది. ఎడమచెయ్యి కుర్చీ మీద ఉంది. కుడిచెయ్యి కుర్చీ వెనక ఉంది. ఆ రోజు నవ్వుతూనే అది చూశాను, చూసి ఊరుకున్నాను.

నాది తూనికలు, కొలతల ఆఫీసులో ఉద్యోగం. దుకాణాల్లో త్రాసులు, రాళ్ళు సరిచూసి ముద్ర వేస్తాం. బజారులో నన్ను కొలతలమ్మ అంటారు. ఎదురుగా కాదు, నేను దాటిపోయాక. మా ఇంట్లో నాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. చదువుకున్న పిల్ల తప్పు చెయ్యదని మా అమ్మ పదిమందికీ చెప్పేది. ఆ మాట నిలబెట్టడానికి నేను ఇన్నేళ్ళూ ఏది చెప్పినా చేశాను. చెప్పింది ఎవరన్నది ఎప్పుడూ చూసుకోలేదు. ఆసుపత్రిలో ఫిజియో అమ్మాయి చెప్పినా అంతే. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. సోమవారం సాయంత్రాలు మాలాంటి ఆరుగురికి క్లాసు పెట్టేది. చేతికి బిగుతుగా ఒక తొడుగు తొడిగించి, ముందు శ్వాస, తర్వాత భుజాలు తిప్పడం, ఆ తర్వాత అరకిలో బరువు. అరకిలో అంటే అరకిలోనే. పదిసార్లు ఎత్తి దించాలి, ఆగాలి, బరువెక్కినట్టు అనిపిస్తే అక్కడితో మానెయ్యాలి. "వ్యాయామం వల్ల ప్రమాదం లేదక్కా, కొంచెం కొంచెంగా పెంచుకుంటే చెయ్యి మీ మాట వింటుంది. ప్రమాదమల్లా ఎంతో తెలీకుండా ఎత్తే బరువుతోనే," అనేది. ఇంకోటి కూడా చెప్పింది, అందర్నీ వరసగా కళ్ళలోకి చూసి: చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే ఆ క్షణానే ఆసుపత్రికి రావాలి, రేపు చూద్దామనుకోకూడదు, ఒక్కరోజు చాలు దానికి.

క్లాసు మర్నాడు పొద్దున చెయ్యి కొలుచుకోమంది, పెరగకపోతేనే బరువు పెంచుదామంది. బాల్‌పెన్‌తో చేతిమీద చుక్కలు పెట్టుకుని, టేపుతో కొలిచి, ప్రతి మంగళవారం నోటుబుక్కులో రాశాను. ప్రతి మంగళవారం పెరిగింది. పావు అంగుళం కూడా కాదు, కానీ పెరిగింది. ఇంట్లో బరువులు ఎత్తుతున్నారా అక్కా అని అడిగింది ఫిజియో. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. బకెట్టు ఒక బరువని నాకు తోచలేదు. రోజంతా జనం బరువుల్లో తప్పులు పట్టే మనిషిని, దుప్పటి నీళ్ళలో తడిసి ఎంతవుతుందో ఒక్కనాడూ అనుకోలేదు. అది ఇంటిపని.

నోటుబుక్కు మా ఆయనకి చూపించింది నేనే. చూడగానే ఆయన తేల్చేశాడు. "చూశావా, క్లాసుకెళ్ళిన ప్రతిసారీ పెరుగుతోంది. ఇక మానెయ్యి." మామగారు ఆ అరకిలో డంబెల్‌ని చేతిలో ఆడించి చూసి, ఆడవాళ్ళకి ఈ కసరత్తులేమిటమ్మా, నీ ఒంటికి పడవు, హాయిగా ఇంటిపట్టున ఉండు అన్నారు. అని, వచ్చేటప్పుడు మంచినీళ్ళ క్యాను లోపల పెట్టమన్నారు. ఇరవై లీటర్ల క్యాను. లోపల పెట్టాను. అంకెలు నా రాతలోనే ఉన్నాయి, ఇక నేనేం వాదించను. మానేశాను. ఆరువారాలైంది. ఆ ఆదివారం ఉంగరం ఊడదీసి గోడమీద పెట్టేనాటికి సంగతి ఇది.

మర్నాడు ఆఫీసు కోటు తొడుక్కుంటే కుడిచెయ్యి దూరలేదు. సాయంత్రం టైలరు దగ్గరికి తీసుకెళ్ళాను. మా వీధి చివర ఇరుకు కొట్టులో ఎప్పట్నుంచో ఉన్న ముసలాయన. కళ్ళజోడుకి ఒక కాడ ఉండదు, దారం కట్టి చెవికి చుట్టుకుంటాడు. కుడిచెయ్యి ఒకటే కాస్త వదులు చెయ్యాలని చెప్పాను. ఎందుకని అడుగుతారని ఒక జవాబు కూడా తయారుచేసుకుని వెళ్ళాను. ఆయన అడగలేదు. కోటు తిరగేసి, చంక దగ్గర కుట్టు విప్పుతూ, తల ఎత్తకుండానే, "రెండోచేతిలో కూడా గుడ్డ వదిలి కుడతానమ్మా, చూసేవాళ్ళకి తేడా తెలీదు. పెద్దమ్మగారికీ అట్లాగే కుట్టేవాణ్ణి," అన్నాడు.

ఏ పెద్దమ్మగారు అన్నాను.

"మీ అత్తగారే. మీ ఇంటికి ఇది రెండో చెయ్యి కదా."

ఆయన మామూలుగానే చెప్పాడు, ఏ ఇంటికి ఎన్ని కిటికీ తెరలు పడతాయో చెప్పినట్టు. ఆవిడకి ఏదో ఆపరేషనయిందట, ఇంట్లో పుట్టింటికని చెప్పి, ఎక్కడో దూరంగా వెళ్ళి చేయించుకుని వచ్చారట. ఆ తర్వాత కుడిచెయ్యి ఏటేటా పెరిగిందట. ఏడాదికి రెండుసార్లు పాత జాకెట్లు పట్టుకొచ్చి కుడిచెయ్యి వదులు చేయించుకునేదట. ఒంటిమీద టేపు పెట్టనిచ్చేది కాదట. ఇంట్లో తనే మోచేతికి నాలుగువేళ్ళ పైన దారం చుట్టి, కొలత దగ్గర తెంపి, ఆ దారం తెచ్చి బల్లమీద పెట్టేదట. కుట్టడమయ్యాక జాకెట్టుతోపాటు ఆ దారం కూడా అడిగి తీసుకెళ్ళిపోయేదట.

"ఎవరికీ చెప్పొద్దంది. నేనెవరికీ చెప్పలేదు. మీరు ఆ ఇంటివాళ్ళే గనక..." అని ఆగి, మొదటిసారి నా మొహం చూశాడు. "మీకు తెలీదా అమ్మా?"

కొట్టులోంచి ఇంటికి ఎట్లా నడిచానో గుర్తులేదు. పెరటివైపునుంచి వచ్చి, ఎడమచేత్తో తలుపు తీస్తుంటే, నా చేతికంటే ముందే ఎవరో గడియ తీసినట్టు అది తేలిగ్గా వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం దాకా నాకు ఖాళీ దొరకలేదు. ఆ రోజు ఆఫీసు ఒంటిపూట. మా ఆయన స్నేహితుల దగ్గరికి వెళ్ళాడు, మామగారు భోజనం చేసి కునుకు తీస్తున్నారు. కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వచ్చి ఆగింది. ఆవిడ దారాలు ఎక్కడ వెతకాలో చాలాసేపు ఆలోచించాల్సి వస్తుందనుకున్నాను. వంటింటి మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి చాపాను. గరిటెల మేకులు. వాటిపైన అర. అరలో పప్పుడబ్బాల వెనక, గోడకి ఆనించి, ఒక రేకు డబ్బా వేళ్ళకి తగిలింది. పాత బిస్కెట్ల డబ్బా. దాన్ని నేను పదకొండేళ్ళుగా దులిపి అక్కడే పెడుతున్నాను. గుండీల డబ్బా అని వదిన ఎప్పుడో చెప్పింది. మూత తీసి చూడాలని ఎన్నడూ అనిపించలేదు.

పైన గుండీలే ఉన్నాయి. కింద దారాలు. ఒక్కొక్కటి ఒక్కో రంగు, ఏ జాకెట్టుకి తగ్గ రంగు ఆ దారం. చుట్టలు చుట్టి ఉన్నాయి. విప్పి నేలమీద పక్కపక్కన పరిచాను. మొదటి దారం చివర ఒక ముడి. రెండోదానికి రెండు. ఆవిడకి చదువు రాదు. తేదీలు రాయలేని మనిషి ముడులు వేసుకుంది. పద్దెనిమిది దారాలు. తొమ్మిదేళ్ళు. ఎండలో వరసగా పెడితే ఒకదానికంటే ఒకటి కొంచెం, కొంచెం పొడుగు. మెట్లు దిగుతున్నట్టుంది. పదమూడో దారందాకా ముడులు చిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ తర్వాతవి వదులుగా, పెద్దగా, అటూ ఇటూ. కుడిచేతి వేళ్ళు కూడా అప్పటికి పనిచేయడం మానేసి ఉంటాయి.

నేను కొలతల మనిషిని, ఇద్దరు ఆడవాళ్ళ చేతులు ఒకే లావుండాలని లేదని నాకు తెలుసు. అందుకని మొదటి దారం తీసి నా ఎడమచేతికి, వాపు లేని చేతికి, నాలుగువేళ్ళ పైన చుట్టాను. రెండు కొసలూ వచ్చి ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అప్పుడు కుడిచేతికి రెండోది చుట్టాను. చాల్లేదు. మూడోది చాల్లేదు. నాలుగు, ఐదు, ఆరు. ఆరోదానికి బియ్యపు గింజంత ఎడం మిగిలింది. ఏడోది సరిపోయింది.

నేలమీద ఇంకా పదకొండు ఉన్నాయి.

హాల్లోంచి మామగారి గురక వినిపిస్తోంది. ఆవిడ కూడా ఇక్కడే, ఈ వేళకే, ఆ గురక వింటూ దారం చుట్టుకుని ఉంటుంది. తలుపు మార్పించింది, కొక్కెం దిగేయించింది, డబ్బా వంచుకునేలా చెక్క పెట్టింది. పని మానడం తప్ప చెయ్యగలిగినవన్నీ చేసింది. ఆ తెలివంతా దేనికి ఖర్చుపెట్టింది? ఎవరికీ తెలియకుండా దుప్పట్లు పిండడానికి. ఆమె తొమ్మిదేళ్ళు కూర్చి పెట్టిన ఆ ఏర్పాట్లలోకి నేను ఇన్ని నెలలుగా ఎంత తేలిగ్గా దిగిపోతున్నానో అప్పుడు తెలిసింది. ఆవిడ నన్ను పట్టుకోలేదు. ఆవిడ నిలబడ్డ గుంటలో నేను వచ్చి నిలబడ్డాను.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మేం మొట్టమొదట నేర్పేది ఒకటే. సరుకు పెట్టకముందు ఖాళీ త్రాసు చూడు. ముల్లు సున్నా మీద లేకపోతే ఆ తర్వాత తూచినదంతా అబద్ధం. ఆ మాట వందసార్లు చెప్పి ఉంటాను. సోమవారం క్లాసు, మంగళవారం కొలత. ఆదివారం దుప్పట్లు. క్లాసుకి వెళ్ళకముందు చెయ్యి ఎంతుందో నేను ఒక్కసారీ కొలవలేదు. ఆదివారం పెరిగినదాన్ని మంగళవారం చూసి సోమవారం నెత్తిన రుద్దాను. పైగా క్లాసు మానేసిన ఆరువారాల్లోనూ చెయ్యి ఆగలేదు, అది కూడా నా నోటుబుక్కులోనే ఉంది. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

తనిఖీకి తీసుకెళ్ళే స్ప్రింగ్ త్రాసు నా సంచిలోనే ఉంది. ఆదివారం పొద్దున పని ముట్టుకోకముందు చెయ్యి కొలిచాను. ముప్పై ఒకటి పాయింటు రెండు సెంటీమీటర్లు. త్రాసు పెరటి కొక్కేనికి తగిలించాను. ముల్లు సున్నా మీద ఉందో లేదో చూశాను. నీళ్ళ బకెట్టు పదమూడు కిలోలు. తడి దుప్పటి నాలుగు కిలోలా ముప్పావు. రెండు దుప్పట్లు పిండి మళ్ళీ కొలిస్తే చెయ్యి ముప్పై రెండు పాయింటు నాలుగు. మిగిలిన రెండూ బకెట్లోనే వదిలేసి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

ఆ రోజు వదిన వచ్చింది. ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర ఉన్నారు. "ఏం మరదలు పిల్లా, అప్పుడే అయిపోయాయా? అమ్మయితే ఎనిమిది దుప్పట్లు ఉతికి గానీ కాఫీ తాగేది కాదు," అంది నవ్వుతూ. నేను డబ్బా బల్లమీద పెట్టి, దారాలు తీసి ఒకదాని పక్కన ఒకటి పరచడం మొదలుపెట్టాను. పద్దెనిమిదీ పరిచేదాకా మాట్లాడలేదు. తర్వాత టైలరు చెప్పింది చెప్పాను. బకెట్టు ఎంతో చెప్పాను, దుప్పటి ఎంతో చెప్పాను, పొద్దున చెయ్యి ఎంతుందో, ఇప్పుడెంతుందో చెప్పాను. నా గొంతు దుకాణాల్లో మాట్లాడే గొంతులా వచ్చింది.

మా ఆయన దారాలకేసి చూస్తూ, "మరి అమ్మది ఎడమచేతివాటం..." అన్నాడు. సగంలో ఆగిపోయాడు. వదిన మొదటి దారం తీసుకుంది. అది ఆకుపచ్చ. ఆ జాకెట్టు నాకు గుర్తుందే అంది, ఎవరితోనూ కాకుండా. ఆమె రెండోచెయ్యి దానంతటది పైకి వెళ్ళి తన కుడి చంక కింద ఆగడం నేను చూశాను. అక్కడే నొక్కి పట్టుకుని కూర్చుంది. రేపు నాతో ఆసుపత్రికి రండి వదినా, మీరూ ఒకసారి చూపించుకోవాలి అన్నాను. తలూపింది.

మామగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. నేను అడగాల్సింది ఒకటే మిగిలింది.

"ఆ రోజు జ్వరం వచ్చినప్పుడు అత్తయ్య చెయ్యి ఎట్లా ఉంది మామగారూ?"

"ఎర్రగా ఉంది," అన్నారాయన. "మండుతోందండీ అంది. పొయ్యి దగ్గర కాల్చుకుని ఉంటుందనుకున్నాను. పొద్దున చూద్దాంలే అన్నాను."

పెరట్లో కుళాయి బొట్టు బొట్టుగా బకెట్లో పడుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. కాసేపటికి మామగారు, అలవాటు కొద్దీ అనుకుంటాను, "బకెట్లో ఇంకా రెండు దుప్పట్లు ఉండిపోయాయేమో," అన్నారు.

"ఉన్నాయి," అన్నాను. "అవి ఇక నావి కావు."

మా ఆయన లేచాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తడి దుప్పటి రెండుచేతులా ఎత్తి, దాని బరువుకి ఒక అడుగు వెనక్కి పడి, కొక్కెం కోసం కుళాయికి కుడివైపు గోడ తడుముతున్నాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. అటు కాదండీ, ఎడమపక్క అన్నాను. తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు తిప్పి, చటుక్కున ఆగి, అవతలి కొసకేసి చూశాడు. తర్వాతి చుట్టు నెమ్మదిగా తిప్పాడు.

మర్నాడు సోమవారం. ఫిజియో అమ్మాయికి ముందు నా తప్పు చెప్పాను, బకెట్టు సంగతి దాచాలని కాదు, తెలియక చెప్పలేదని. ఆమె కోప్పడలేదు. ఆరువారాలు ఆగిపోయాను కాబట్టి అరకిలో కూడా వద్దు, ఖాళీ చేత్తో మళ్ళీ మొదలుపెడదామంది. తొడుగు కొత్త కొలతకి మార్పించింది. ఇంట్లో బరువులు కూడా వ్యాయామంలోకే వస్తాయి, అవి కూడా కొలిచి, కొంచెం కొంచెంగానే అంది. ఖాళీ చెయ్యి పదిసార్లు ఎత్తి దించాను. మూడోవారానికి అరకిలో. ఏడోవారానికి కిలో. ఇప్పుడు క్లాసుకి ముందూ కొలుస్తాను, తర్వాతా కొలుస్తాను. వదిన పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. ఏటా వస్తానని రాసి ఇచ్చింది. మా ఆయన రెండు ఆదివారాలు దుప్పట్లు ఉతికాడు, మూడో ఆదివారం నడుం పట్టేసిందని ఎవరికీ చెప్పకుండా మెషీన్‌లో వేశాడు. మామగారు ఆ దుప్పటి పరుచుకుంటూ, చూశారా, చేత్తో ఉతికితే ఆ తెలుపే వేరు అన్నారు. మేమిద్దరం మొహాలు చూసుకోలేదు.

డబ్బా అదే అరలో ఉంది. నిన్న సోమవారం క్లాసుకి వెళ్ళేముందు తీసి చూశాను. ఏడోది వదులుగా ఉంది. ఆరోది సరిపోయింది, ఎడం లేకుండా. ఏడోదాన్ని చుట్టచుట్టి, మిగతా పదకొండింటితో కలిపి గుండీల కింద పెట్టాను. అవి ఆవిడవి.

క్లాసయ్యాక పెరటివైపునుంచి వచ్చాను. తలుపు గడియ ఎడమచేతికి అందేచోట ఉంది. నేను కాస్త అడ్డం తిరిగి, కుడిచేత్తో తీశాను. తలుపు బిగుసుకుపోయి, కిర్రుమని, ఇష్టంలేనట్టు వచ్చింది. లోపల ఇల్లు ఒక్క క్షణం నన్ను గుర్తుపట్టలేదు.